బలం బిళ్ళ

పొద్దున్న ఆరున్నర. ఆగేలా లేని, అలాగని గట్టిగా కురిసేలానూ లేని సన్నటి తుంపర. నిచ్చెన అని గుంపంతా పిలిచే మనిషికి ఆకలితో కడుపు కాలిపోతోంది.

నాలుగంతస్తుల హాస్టలు ముందు, టార్పాలిను కింద, రంగుల పనివాళ్ళు ఏడుగురూ చేరారు. కెటిల్లో టీ వచ్చింది. పాలరొట్టె ముక్కలు వచ్చాయి. అందరూ గ్లాసులు చాపుతుంటే నిచ్చెన ఒక్కడు తన గ్లాసు బోర్లించి, దాని మీద అరచెయ్యి ఆనించి కూచున్నాడు.

"ఏంటి, అలకా?" అంది పిన్ని. గోడలకి పట్టించే లప్పం కలిపేది ఆవిడే. తనకంటే పెద్దవాళ్ళక్కూడా ఆవిడ పిన్నే.

"ఆరింటికి బిళ్ళ వేసుకున్నా. ఎనిమిది దాకా పాలు తగలకూడదు."

"బిళ్ళకీ పాలకీ ఏంటంట పగ?"

"పాలు తగిలితే బిళ్ళని కడుపులోనే పట్టుకుని కూచుంటాయంట. ఒంటికి చేరనివ్వవంట. డాక్టరమ్మ చెప్పింది."

"పోనీ రొట్టె తిను."

"అది పాలరొట్టె."

"కొత్త కోడలిగా వచ్చినప్పుడు మా అత్త కూడా నన్నింత మాడ్చలేదు నాయనా," అని పిన్ని అతని వాటా రొట్టె కూడా తన టీలోనే ముంచుకుంది. అందరూ నవ్వారు. నిచ్చెన నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. తుంపర వంక చూస్తూ కూచున్నాడు.

పక్కనే ఉన్న కాంపౌండరు మాత్రం తన రొట్టె ముక్క పక్కన పెట్టేశాడు. జాలి వల్ల కాదు. చిన్నతనంగా అనిపించి. తొమ్మిదేళ్ళుగా ఆ గుంపులో ఎవరికి ఏ జబ్బొచ్చినా మందిచ్చింది తను. ఏనాడూ ఎవరినీ టీ మానమని చెప్పలేదు.

నిచ్చెన అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. ఆరడుగుల పైన ఉంటాడు, ఎముకలకి చర్మం అతికించినట్టు. యాభై నాలుగేళ్ళలో ముప్ఫై ఏళ్ళు నిచ్చెన మీదే గడిచాయి. పిట్టగోడ కిందో, సజ్జ కిందో రెండు రంగులు కలిసే చోట గీత ఉంటుంది కదా, దాన్ని దారం పట్టకుండా, టేపు అంటించకుండా, ఒట్టి బ్రష్షుతో లాగుతాడు. కింద నుంచి చూస్తే స్కేలు పెట్టి గీసినట్టే. ఆ గీత కోసం అతను పై మెట్ల మీద మునివేళ్ళతో నిలబడాలి. మడమలు గాలిలో. మనిషి బరువంతా వేళ్ళ మీద, ఆ వేళ్ళని ఆపి ఉంచేది మడమ వెనక తాడు. అది బాగున్నన్నాళ్ళే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఆ ఇంట్లో ఉండేది అతనూ, బట్టలు కుట్టే కూతురూ. భార్య పోయి ఆరేళ్ళయింది.

ఇక కాంపౌండరు. పంతొమ్మిదేళ్ళుగా అతను ఎక్కే నిచ్చెన అడుగుభాగం పట్టుకునేది ఇతనే. రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, రెండు చేతులతో పట్టి, మెడ నిక్కించి పైకి చూస్తూ ఉంటాడు. ఇద్దరికీ రక్తసంబంధం లేదు. పనిలో చేరిన కొత్తలో ఒకరోజు వరస కలుపుకుని బావా అంటే బావా అనుకున్నారు, అది అలాగే ఖాయమైపోయింది. నిచ్చెన కూతురు ఇతన్ని మావయ్యా అంటుంది.

కాంపౌండరన్న పేరు డబ్బా వల్ల వచ్చింది. బిస్కెట్ల రేకు డబ్బా. ఏ పని చోటికి వెళ్ళినా రంగుల డ్రమ్ములతో పాటు అదీ వెళ్తుంది. గుంపులో ఎవరికైనా డాక్టరు మందు రాస్తే, తగ్గేదాకా వాడి, మిగిలినవి డబ్బాలో వెయ్యాలి. రాసుకున్న రూలు కాదు, రూలు కంటే గట్టిది. ఒంట్లో బాగయ్యాక కూడా మిగతా బిళ్ళలు మింగేవాడిని పీనాసి కింద లెక్కగట్టేవాళ్ళు. "తగ్గిందిగా, ఇంకా ఎందుకు మింగుతావు, పక్కవాడికి రావొద్దా జ్వరం?" అనేవాళ్ళు. కాంపౌండరుకి పేర్లు చదవడం రాదు. రంగులతో గుర్తు. ఎరుపూ పసుపూ కలిసిన గొట్టం జ్వరానికి. తెల్లటి పొడుగుది పంటికి. పచ్చది కడుపుకి. అన్నిటికంటే గిరాకీ ఉన్నది చిన్న తెల్ల బిళ్ళ. శనగగింజంత కూడా ఉండదు. ఎవరో ఆయాసం మనిషి మిగిల్చి వెళ్ళాడు మొదట. ఒళ్ళు నొప్పులకి వేసుకుంటే గంటలో నొప్పులు మాయం, ఆకలి, హుషారు. దాన్ని బలం బిళ్ళ అనేవాళ్ళు. అయిపోయిందంటే కాంపౌండరు ఖాళీ షీటు పట్టుకెళ్ళి మందుల షాపులో చూపించి తెచ్చేవాడు. అది మందన్న సంగతే ఎవరికీ తట్టేది కాదు. టీలో పంచదార లాంటిది.

అసలు గొడవ మూత్రంలో మంటతో మొదలైంది. పదినిమిషాలకోసారి నిచ్చెన దిగాల్సి వచ్చేది.

"ఎక్కడం కంటే దిగడమే ఎక్కువైంది, అంత అర్జెంటు ఎవరితో బావా?" అనేవాడు కాంపౌండరు కింద నుంచి.

"పైనుంచి పోస్తాను, నువ్వు మొహం పక్కకి తిప్పుకో," అనేవాడు నిచ్చెన.

కాంపౌండరు డబ్బా తెరిచి ఎరుపూపసుపూ గొట్టాలు నాలుగు ఇచ్చాడు. మంట పోయింది. నెలకి మళ్ళీ వచ్చింది. ఈసారి మూడు. పోయింది, మళ్ళీ వచ్చింది. మూడోసారి ఏ రంగుదిచ్చినా తగ్గలేదు. చలి, వణుకు, నడుము నొప్పి. ఒకరోజు దిగుతూ దిగుతూ మెట్టు తప్పాడు. కాంపౌండరు భుజం అడ్డం పెట్టాడు కాబట్టి సరిపోయింది. అప్పుడు నిచ్చెన గోడకి ఆనుకుని కూచుని అన్నాడు, "బావా, నీ డబ్బాకో దండం. నేను ఆస్పత్రికి పోతా."

కాంపౌండరు తోడు వెళ్ళాడు. రెండు బెంచీలు, ఒక బల్ల, చేతులు కడుక్కునే కుళాయి ఉన్న చిన్న ఆస్పత్రి. డాక్టరమ్మ నడివయసు మనిషి, మాట కటువు, చూపు కాదు. మూత్రం పరీక్షకి పంపింది. మూడు రోజులకి కాగితం వచ్చింది. దాన్ని రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తీసింది.

"ఇంతకుముందు ఏం మందులు వాడారు?"

"ఎరుపూపసుపూవి నాలుగు. ఇంకోసారి మూడు," అన్నాడు కాంపౌండరు.

"నేనడిగింది మందుల పేర్లు, చీరల రంగులు కాదు."

కాంపౌండరు నేల చూశాడు.

"సగం సగం మింగి వదిలేశారు. లోపలున్న పురుగుల్లో బలహీనమైనవి చచ్చాయి, మొండివి మిగిలాయి. మిగిలినవే పిల్లల్ని పెట్టాయి. ఇప్పుడు మామూలు మందులకి లొంగనంటున్నాయి." కాగితం మీద ఒక చోట వేలు పెట్టింది. "దీనికి లొంగుతుంది. సిప్రో అంటారు. పూటకొకటి, రోజుకి రెండు, పద్నాలుగు రోజులు. మంట మూడో రోజుకే పోతుంది. పోయిందని ఆపొద్దు. ఇరవై ఎనిమిదీ మీరే మింగాలి, ఇంకొకళ్ళకి ఇవ్వకూడదు. పాలూ, పాల టీ, గ్యాసు మందూ, వీటికీ బిళ్ళకీ రెండు గంటలు ఎడం ఉండాలి. నీళ్ళు బాగా తాగండి. ఎండలో ఒళ్ళు కప్పుకోండి, తొందరగా కమిలిపోతుంది. మీరు చేసే పనేంటి?"

"నిచ్చెన మీద రంగులు వేస్తానమ్మా."

ఆవిడ రాయడం ఆపింది. కొంచెంసేపు అతని కాళ్ళ వంక చూసింది.

"అయితే ఇది చెవిన పెట్టుకోండి. ఈ మందు కొందరికి మడమ వెనక తాడుని దెబ్బతీస్తుంది. అందరికీ కాదు, నూటికొకరికి కూడా కాదు. కానీ ఆ ఒక్కరూ మీరయితే మీ పని పోతుంది. మడమ వెనక నొప్పి గానీ, వాపు గానీ వచ్చిందా, ఆ క్షణం బిళ్ళ ఆపెయ్యండి. కాలు మీద బరువు వెయ్యకుండా నా దగ్గరికి రండి. తెల్లారాక చూద్దాం, పని అయ్యాక చూద్దాం అనొద్దు. వేరే మందులేమైనా వేసుకుంటున్నారా? ఒళ్ళు నొప్పులకీ, ఆయాసానికీ, దేనికైనా?"

"ఏం లేవమ్మా," అన్నాడు కాంపౌండరు. బావ తరఫున జవాబు చెప్పడం అతనికి అలవాటు. అబద్ధమాడాలని కాదు. భుజం నొప్పికని మూడు వారాలుగా నిచ్చెన రోజూ సాయంత్రం బలం బిళ్ళ వేసుకుంటున్నాడు, అది కాంపౌండరు చేత్తో ఇస్తున్నదే. ఆ మాట ఇద్దరికీ గుర్తు రాలేదు. టీలో పంచదార వేసుకుంటారా అని అడిగితే గుర్తొచ్చేదేమో.

ఇంటి దగ్గర కూతురు కుట్టుమిషను పక్క గోడ మీద బట్టల సుద్దతో ఇరవై ఎనిమిది గీతలు గీసింది. మింగిన బిళ్ళకి ఒక గీత అడ్డంగా కొట్టాలి.

"మావయ్యా, ఈ గీతల్లో నీ డబ్బా వాటా ఏం లేదు. ముందే చెప్తున్నా," అంది దారం కొరుకుతూ.

"నేనడిగానా తల్లీ?"

"అడగవు. చెయ్యి చాపుతావు."

నిజంగానే మూడో రోజుకి మంట పోయింది. నాలుగో రోజు పిన్ని అడిగేసింది.

"మనిషి బాగానే ఉన్నాడుగా. షీటు ఎప్పుడు పడుతుంది డబ్బాలో?"

"పడదు," అన్నాడు నిచ్చెన.

"ఎన్నున్నాయి?"

"ఇరవై రెండు."

"ఇరవై రెండూ నువ్వే మింగుతావా? దేనికి?"

"ఆవిడ మింగమంది కాబట్టి."

"రేపు నాకు జ్వరమొస్తే?"

"ఆస్పత్రికి పో. దారి చూపిస్తా, కావాలంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తా. ఇవి మాత్రం ఇవ్వను. నీకు నాలుగు, వాడికి నాలుగు అని పంచుకునే నాకు రెండుసార్లు తిరగబెట్టింది. ఆ డబ్బాలో మనం దాచుకుంటున్నది మందు కాదు పిన్నీ, జబ్బు."

ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది. కాంపౌండరు నిచ్చెన పట్టుకుని పైకి చూడకుండా రోజంతా గోడనే చూశాడు. సాయంత్రం మాత్రం అలవాటు చొప్పున బలం బిళ్ళ తీసి అరచేతిలో పెట్టాడు. నిచ్చెన కూడా అలవాటు చొప్పునే నోట్లో వేసుకున్నాడు.

ఆరో రోజు. వాన వెలిసి గోడలు ఆరాయి. హాస్టలు వాళ్ళు రెండు రోజుల్లో చూడటానికి వస్తున్నారని మేస్త్రి అందరినీ పరిగెత్తిస్తున్నాడు. మేస్త్రి పొట్టి మనిషి, అరిస్తే మాత్రం నాలుగో అంతస్తుకి వినపడుతుంది. నిచ్చెన మూడో అంతస్తు సజ్జ దాకా ఎక్కి, మునివేళ్ళ మీద లేచి, గీత మొదలుపెట్టాడు. మూరెడు లాగాక బ్రష్షు ఆగింది.

కింద నుంచి కాంపౌండరుకి బ్రష్షు కనపడలేదు గానీ, చేతుల్లో నిచ్చెన సన్నగా అదరడం తెలిసింది. పంతొమ్మిదేళ్ళలో అలా అదరలేదు.

"బావా?"

గీత మధ్యలో వదిలేసి నిచ్చెన దిగుతున్నాడు. ఎడమ పాదాన్ని మెట్టు మీద ఆనించకుండా, చేతుల బలంతో, ఒక్కో మెట్టూ.

కింద డ్రమ్ము బోర్లించి దాని మీద కూచుని ప్యాంటు మడిచాడు. మడమ వెనక, చెప్పు పట్టీ ఒరుసుకునే చోటికి కొంచెం పైన, వేలిమందాన ఉబ్బింది. ఎర్రగా ఉంది. ముట్టుకుంటే వేడి.

మేస్త్రి వచ్చాడు. "ఏంటి దిగావు?"

"మడమ నొప్పి. ఆవిడ చెప్పిన చోటే. ఆస్పత్రికి పోవాలి."

"గీత అయ్యాక పో."

"ఇప్పుడే పోవాలి."

"మూత్రానికి మింగిన మందు మడమకెందుకు పోయింది? దారి తప్పిందా?"

గుంపంతా నవ్వింది. మంచి మాటే, నవ్వొచ్చే మాటే. నిచ్చెన కూడా ఒక పక్కగా నవ్వాడు.

"దారి తప్పిందో లేదో నాకు తెలియదు. చదువుకున్నావిడ ముందే చెప్పింది, చెప్పినట్టే వచ్చింది. నేను మళ్ళీ ఎక్కను."

"రెండు గంటల పని. రెండు గంటల్లో ఏం పోతుంది?"

"తాడు పోతుంది. తెగాక నువ్వు కుట్టిస్తావా?"

"ముప్ఫై ఏళ్ళు ఎక్కినవాడివి, ఇవాళ కాలు నొప్పంటే నమ్మమంటావా?"

"నమ్మొద్దు. నీ నమ్మకంతో నాకు పని లేదు. నా మడమతో పని." గొంతు పెంచలేదు. ప్యాంటు మడత కూడా దించలేదు. "ముప్ఫై ఏళ్ళు నువ్వు ఎక్కమంటే ఎక్కాను. జ్వరంతో ఎక్కాను. ఇంటిది పోయిన పదో రోజు ఎక్కాను. ఇవాళ ఎక్కను. అరుస్తావా, అరుచుకో."

మేస్త్రి నిజంగానే అరిచాడు. రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు. నిచ్చెన కాంపౌండరు భుజం మీద చెయ్యేసి లేచాడు.

"నువ్వెక్కడికి?" అన్నాడు మేస్త్రి కాంపౌండరుతో. "నిచ్చెన ఎవరు పట్టుకుంటారు?"

"పట్టుకునే తీసుకెళ్తున్నాగా," అన్నాడు కాంపౌండరు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అతన్ని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కింది. నొక్కినప్పుడల్లా పాదం కొద్దిగా కదిలింది. రెండోసారి నొక్కి, ఊపిరి వదిలింది.

"తెగలేదు. వాచింది. ఇవాళే వచ్చారు కాబట్టి బతికిపోయారు. ఎప్పుడు మొదలైంది?"

"గంట కూడా కాలేదమ్మా. సగం గీతలో దిగిపోయా."

"మంచి పని చేశారు. ఈ బిళ్ళ ఇంక మీ జన్మలో ముట్టుకోవద్దు. ఎక్కడ ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ఇది నాకు పడదని ముందే చెప్పండి. కాగితంలో లొంగే మందు ఇంకోటుంది, అది రాస్తాను. అదీ మధ్యలో ఆపకూడదు." రాస్తూ తలెత్తింది. "మీ వయసుకి, ఇంత తొందరగా రావడం... నిజం చెప్పండి. వేరే మందేమీ వేసుకోవట్లేదు కదా?"

"లేదమ్మా," అన్నాడు నిచ్చెన.

కాంపౌండరు తలుపు దగ్గర నిలబడ్డాడు. చొక్కా జేబులో సాయంత్రానికని పెట్టుకున్న షీటు ముక్క ఉంది. దాన్ని వేళ్ళతో తడుముతున్నాడు. ఆవిడ రెండోసారి అడక్కపోతే అతనికి తట్టేది కాదు. ఇప్పుడు తట్టింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఇంటికెళ్ళి మురిక్కాలవలో పడేస్తే సరిపోతుంది. అతను రెండడుగులు ముందుకేసి ఆ ముక్క బల్ల మీద పెట్టాడు.

"ఇది మందు కిందికొస్తుందామ్మా? ఒళ్ళు నొప్పులకని... నేనే ఇస్తున్నా. నెల కావొస్తోంది."

ఆవిడ దాన్ని వెలుతురులో తిప్పి చూసింది. కలం మూసి పక్కన పెట్టింది. తిట్టినా బాగుండేది.

"స్టెరాయిడ్ ఇది," అంది. "అవసరమైన వాళ్ళకి, కొలిచి, చూసుకుంటూ ఇచ్చేది. ఆ మందుకి ఇది తోడైతే తాడు తెగే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. నేను మొదటిరోజే అడిగానే."

"అది... బలం బిళ్ళ అనుకున్నామమ్మా."

"ఇంకెవరు వేసుకుంటున్నారు?"

"పిన్ని ఒకావిడ. ఏడెనిమిది నెలల్నుంచి రోజూ."

"ఆవిడని రేపు తీసుకురండి. అంతకాలం వేసుకున్నవాళ్ళు ఉన్నపళంగా ఆపితే అదింకో ప్రమాదం. నేను చూసి తగ్గిస్తాను. ఈయనకీ ఎలా మానాలో రాసిస్తాను. ఆ డబ్బా కూడా తీసుకురండి."

నిచ్చెన ఆ పూట బావ వంక చూడలేదు. ఎదురుగోడ మీద, పై అంచున, ఎవరో వంకరగా లాగిన రంగు గీత ఉంది. దాన్నే చూస్తూ కూచున్నాడు.

బయటికొచ్చాక మెట్ల మీద కాంపౌండరు ఆగిపోయాడు. "కొట్టు బావా. లేకపోతే తిట్టు."

"ఆవిడ అడిగింది నన్ను. నాకూ నోరుందిగా," అన్నాడు నిచ్చెన. అంతే అన్నాడు. భుజం మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు. గోడ పట్టుకుని కుంటుకుంటూ దిగాడు.

ఆరు వారాలు ఎక్కకూడదు, బరువులు ఎత్తకూడదు అని డాక్టరమ్మ చెప్పింది. కూతురు పాత గుడ్డలు మడతలు వేసి కుట్టి చెప్పులో మడమ కింద పెట్టింది. పాత గీతలు తుడిచేసి గోడ మీద కొత్త మందుకి కొత్త గీతలు గీసింది. మర్నాడు ఆరున్నరకి నిచ్చెన హాస్టలు ముందున్నాడు.

"రావొద్దన్నాగా," అన్నాడు మేస్త్రి.

"ఎక్కే పనికి రావొద్దన్నావు. నూట నలభై కిటికీలకి చువ్వలున్నాయి. గరుకు కాగితం పెట్టి రుద్దేవాడు లేడు. రుద్దుతా." జవాబు కోసం ఆగకుండా పీట లాక్కుని మొదటి కిటికీ దగ్గర కూచున్నాడు.

మేస్త్రి చూశాడు. ఆ పని చెయ్యడానికి నిజంగానే మనిషి లేడు. "ఇక నీ పేరు నిచ్చెన కాదు, పీట," అన్నాడు.

"పీట మీద కూచునే అందరూ అన్నం తినేది," అన్నాడు నిచ్చెన, తల ఎత్తకుండా.

ఆ ఆరు వారాలూ గుంపులో సగం మంది అతనితో మాట్లాడలేదు. డబ్బా పోయింది, ఆస్పత్రిలో డాక్టరమ్మ అందులోవన్నీ ఒక సంచిలో కుమ్మరించుకుని ఖాళీ రేకు తిరిగిచ్చింది. తలనొప్పొస్తే ఇప్పుడెవర్ని అడగాలని గుంపు గునిసింది. పిన్ని మొదటి వారం నిచ్చెనని తిట్టని తిట్టు లేదు. తర్వాత ఆస్పత్రికి వెళ్ళొచ్చింది. కొన్ని నెలలుగా మొహం ఉబ్బుతున్నది బలం వల్ల కాదని, ఆ బిళ్ళ వల్లేనని, రక్తంలో చక్కెర కూడా పెరిగిందని చెప్పారట. ఆ తర్వాత తిట్టడం మానింది గానీ, నువ్వన్నదే నిజమని ఒప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు. రోజూ అతని పీట పక్కన నీళ్ళ సీసా ఒకటి పెట్టి వెళ్ళేది.

మేస్త్రి ఇంకో మనిషిని ఎక్కించాడు. గీత పాము పాకినట్టు వచ్చింది. తుడిచి మళ్ళీ వేశారు. మళ్ళీ పామే. చూడటానికి వచ్చినవాళ్ళు అది సరిగ్గా అయ్యేదాకా పని ఒప్పుకునేది లేదని వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి మేస్త్రి గొంతు మారింది.

"కాలు ఎలా ఉంది?"

"ఉంది."

"ఒక్క పావుగంట ఎక్కరాదూ. మెల్లిగా."

"ఇంకా పద్దెనిమిది రోజులుంది."

"నేను బతిమాలుతున్నాను చూడు."

"బతిమాలు. పద్దెనిమిది రోజులే."

కాంపౌండరు రోజూ అతని పక్కన కూచుని చువ్వలు రుద్దాడు. మాటలు నడిచేవి. కాగితం అందుకో, ఆ మూల తుప్పు వదల్లేదు, ఎండ ఇటొస్తోంది. అంతకుమించి ఒక్కటీ లేదు. బావా అన్న పిలుపు ఇటు నుంచి అటు పోయేది, అటు నుంచి తిరిగొచ్చేది కాదు. ఇంటికెళ్తే భార్య అడిగేది, "కోపంగా ఉన్నాడా?" "తెలియట్లేదు." "అడగొచ్చుగా." ఎలా అడుగుతాడు. నా చేత్తో ఇచ్చిన బిళ్ళకి నీ కాలు పోయేది, నా మీద కోపమా అని ఎవరైనా అడుగుతారా.

ఆరు వారాలు నిండిన రోజు డాక్టరమ్మ పిక్క నొక్కి, మునివేళ్ళ మీద పదిసార్లు లేచి నిలబడమంది. పదకొండు సార్లు లేచాడు. మూత్రం పరీక్ష కూడా శుభ్రంగా వచ్చింది. ఎక్కొచ్చు, మొదట కొంచెం కొంచెంగా, అని ఆవిడ రాసిచ్చింది.

మర్నాడు పొద్దున్న నిచ్చెన ఎవరికీ ఏమీ చెప్పకుండా నిచ్చెనని తనే మోసుకొచ్చి మూడో అంతస్తు సజ్జకి ఆనించాడు. కాంపౌండరు గబగబా వచ్చి అడుగున పట్టుకున్నాడు. గుంపంతా పనాపి చూసింది. మేస్త్రి కూడా.

అతను ఎక్కాడు. పాము పాకినట్టున్న గీతని ముందు తెల్లరంగుతో కప్పి ఆరనిచ్చాడు. తర్వాత మునివేళ్ళ మీద లేచాడు. మూల నుంచి మూలకి, నిచ్చెన జరిపినప్పుడల్లా దిగి, కాసేపు కూచుని, మళ్ళీ ఎక్కుతూ, గీత లాగాడు. కాంపౌండరు అరచేతుల్లో ఒక్క అదురు లేదు. మధ్యాహ్నానికి గీత పూర్తయింది. దారం పట్టి చూసుకోవచ్చు.

దిగి, బ్రష్షు కిరసనాయిల్లో కడిగి, గుడ్డతో వెంట్రుక వెంట్రుకా తుడిచి, కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. మేస్త్రి దగ్గరికొచ్చాడు. మొహం నిండా నవ్వు.

"పీట అన్నది సరదాకి. మనసులో పెట్టుకోకు. ఎల్లుండి కొత్త బిల్డింగు మొదలు, ఐదంతస్తులు. ముందు నువ్వే ఎక్కాలి."

నిచ్చెన అతని వంక చూశాడు. కోపం లేదు, జాలీ లేదు. "సగంలో వదిలిన గీత బాకీ ఉండింది. తీరింది," అంటూ సంచి భుజానికి తగిలించుకున్నాడు. పిన్ని లప్పం చేతులతో లేచి నిలబడింది. కాంపౌండరు ఇంకా నిచ్చెన పట్టుకునే ఉన్నాడు, పైన ఎవరూ లేకపోయినా. "బావా," అన్నాడు. నిచ్చెన అతని ముందు ఒక్క క్షణం ఆగాడు.

తర్వాత నడిచాడు. ఇసక కుప్ప పక్క నుంచి, ఖాళీ డ్రమ్ముల మధ్య నుంచి, గేటు వైపు. వెళ్ళొద్దని ఎవరూ అనలేదు, అనాల్సిన సంగతి అప్పటికి ఎవరికీ అర్థం కాలేదు. కాంపౌండరు మాత్రం పాదాల్నే చూశాడు. ఎడమది, కుడిది. రెండూ సమానంగా పడుతున్నాయి. మడమ ముందు ఆనుతోంది, తర్వాత వేళ్ళు. కుంటు లేదు. గేటు దగ్గర గట్టు దాటడానికి ఎడమ కాలే ముందు ఎత్తాడు, బరువంతా దాని మీదే వేసి అవతలికి దిగాడు, రోడ్డు మలుపు తిరిగాడు.

మళ్ళీ ఆ గుంపులోకి రాలేదు.